మబేలాలో మంచు చేపలు

సఫియా మేడమ్ మంచుసముద్రానికి బయలుదేరే ప్రతిసారీ పెట్టె సర్దేది రాజేశ్వరే. బయట ఒమన్‌లోని మబేలా వీధుల్లో ఎండ నిప్పులు చెరుగుతుంటే, ఏసీ గదిలో నేల మీద దుప్పటి పరిచి ఉన్ని బనియన్లు, రెండు పొరల చేతి తొడుగులు, మోకాళ్ల దాకా వచ్చే మేజోళ్లు వరసగా పేర్చేది. ఏది ఒంటికి ఆనుకుని వేసుకోవాలో, ఏది పైన వేసుకోవాలో ఆమెకు బాగా తెలుసు. మంచును మాత్రం ఫోన్‌లో తప్ప ఎప్పుడూ చూడలేదు.

సఫియా అక్కడి తీరంలోని ఒక సముద్ర పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. నార్వేలో చదువుకుని వచ్చింది. ఉత్తర ధ్రువం దగ్గర మంచుపలకల కింద బతికే ఒక చిన్న చేప మీద ఆమె పరిశోధన. కాడ్ జాతి చేప, జానెడుకు మించి పెరగదు. దాని నెత్తురులో చలికి గడ్డకట్టనివ్వని పదార్థం ఒకటి ఉంటుంది. సీళ్లూ తిమింగలాలూ పక్షులూ అన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఇప్పుడు ఆ నీళ్లు వేడెక్కుతున్నాయి. దక్షిణం నుంచి పెద్ద చేపలు పైకి వచ్చి దీని తిండి తినేస్తున్నాయి, దీన్నీ తినేస్తున్నాయి. ఇవన్నీ రాజేశ్వరికి వంటింట్లోనే తెలిశాయి. సాయంత్రం పాలు లేని టీ తాగుతూ సఫియా చెప్పేది, ఈమె వెల్లుల్లి ఒలుస్తూ వినేది. మర్నాడు కూరగాయల దుకాణంలో మలయాళీ అబ్బాయికి, పక్కింటి డ్రైవరుకి ఆ కబుర్లే చెప్పేది.

"మా మేడమ్ చేపకు నెత్తురు గడ్డకట్టదు, తెల్సునా?" అనేది. 'మా మేడమ్ చేప' అన్నప్పుడు ఆమె గొంతులో ఆ చేపను తనే పెంచుతున్నంత ధీమా ఉండేది.

రాజేశ్వరిది కడప జిల్లా మంగంపేట. చిన్నప్పటి నుంచీ గనుల దగ్గర ముగ్గురాయి ఏరి, పగలగొట్టి బతికింది. పెళ్లయిన కొన్నాళ్లకు భర్త ఇంకొకామెతో తిరుపతిలో కాపురం పెట్టాడు. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా ఎత్తదు. ఒమన్ వచ్చి పదకొండేళ్లు. సఫియా కూతురికి తల దువ్వి, బడికి పంపి, జ్వరం వస్తే పక్కన పడుకుని పెంచింది. ఆ పిల్ల ఇప్పుడు వేరే దేశంలో కాలేజీలో ఉంది. ఇంటి తాళాలన్నీ రాజేశ్వరి దగ్గరే. హిందీ, అరబ్బీ ముక్కలు కలిపి మాట్లాడటం రావడానికి ఆమెకు చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమె మాటకు విలువుంది.

ఆ ఏడు చలికాలంలో సఫియా తల్లి స్నానాలగదిలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆమెను చూసుకోవడానికి ఇంకో మనిషి కావాల్సి వచ్చింది.

"నీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని సఫియా అడిగితే, మంగంపేటలో తమ వీధిలోనే ఉండే మహబూబీ పేరు చెప్పింది రాజేశ్వరే. ముప్పై దాటిన మనిషి, భర్త పోయి అత్తగారింట్లో మాటలు పడుతోంది. చీరల మీద చమ్కీ పని చేసి బతుకుతోంది. నెమ్మదైనది.

మహబూబీ వచ్చిన రోజు రాజేశ్వరి రాగిసంగటి కెలికి, ఊరిబిండి నూరి పెట్టింది.

"ఏం మే, దావలో ఏమన్నా తింటివా?"

"యాడ తింటి రాజక్కా! విమానంలో ఇచ్చింది నోట్లో పెట్టల్యాకపోతి. ఇది చూస్తే ప్రాణం లేచొస్తాంది."

ఆ రాత్రి ఇద్దరూ మంగంపేటలో మిగిలినవాళ్ల గురించి, పోయినవాళ్ల గురించి మాట్లాడుకున్నారు. పదకొండేళ్ల తర్వాత తన యాసలో తనతో మాట్లాడే మనిషి పక్కన పడుకోవడం రాజేశ్వరికి ఎంతో హాయిగా అనిపించింది.

మూడో రోజుకే ఆ హాయిలో చిన్న ముల్లు గుచ్చుకుంది. సఫియా తల్లి తరఫు వాళ్లు సముద్రం అవతలి నుంచి వచ్చిన బలూచీలు. ఇంట్లో ఉర్దూ నడుస్తుంది. మహబూబీకి పుట్టుకతో వచ్చిన భాష అది. ముసలామెకు మందులేస్తూ, దిండు సర్దుతూ ఆమె ఏదో అంటే, ముసలామెతోపాటు సఫియా కూడా పగలబడి నవ్వింది. వంటింట్లో ఉన్న రాజేశ్వరికి సగమే అర్థమైంది. తను ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న మాటలతో మేడమ్‌ని అంతగా నవ్వించిన జ్ఞాపకం లేదు.

వేసవి మొదట్లో పరిశోధన కేంద్రంలో పెద్ద ఫ్రీజర్ చెడిపోయింది. కొత్తది రావడానికి చాలా రోజులు పడుతుందన్నారు. కిందటి ప్రయాణంలో ఓడ మీద పట్టిన చేపల్లో సఫియా వంతు ఆ ఫ్రీజర్లోనే ఉంది. వాటిని డ్రై ఐస్ పెట్టెల్లో ఇంటికి తెచ్చి, కాంపౌండు గోడ పక్కనున్న బయటి గదిలో, ఈద్ మాంసం దాచుకునే నిలువు ఫ్రీజర్లో పెట్టింది. ఆ గదిలోనే బల్ల వేసి, దీపం పెట్టి, మైక్రోస్కోప్ అమర్చింది.

"రాజూ, ఇలా రా," అని మొదట పిలిచింది రాజేశ్వరినే. "చేప తలలో, మెదడు వెనక, రెండు చెవిరాళ్లు ఉంటాయి. చెట్టు కాండంలో ఉన్నట్టు వాటిలో వలయాలుంటాయి. ఏడాదికొకటి. అవి లెక్కపెడితే చేప వయసు తెలుస్తుంది. ఏ ఏడు బాగా తిన్నదో, ఏ ఏడు పస్తులున్నదో కూడా తెలుస్తుంది. తీసి చూడు."

రాజేశ్వరి గుండె పొంగింది. ఇన్నేళ్లుగా విన్న చేప ఇప్పుడు తన చేతిలో ఉంది. అరచేతిలో వెండి ముక్కలా ఉంది, కళ్లు మాత్రం పెద్దవి. సఫియా చూపించినట్టే తల కోసింది. కోయడం వరకు బాగానే వచ్చింది. సన్నటి పట్టకారుతో రాయి పట్టుకోగానే అది పటుక్కుమంది. బియ్యపు గింజంత కూడా లేదు అది. రెండోది కూడా విరిగింది. ఇంకో చేపలోదీ అంతే. గనిలో బండరాళ్లు ఎత్తిన వేళ్లకు అంత చిన్న బరువు తెలియలేదు.

సఫియా నవ్వి, ఆమె భుజం తట్టింది. "పోనీలే. నీ చేతులు బలమైనవి, రాజూ."

అప్పుడే ముసలామెకు ఫలహారం తీసుకెళ్తున్న మహబూబీ గుమ్మంలో ఆగి తొంగిచూసింది. "నేనొకసారి చూసేదా మేడమ్?" అని ఉర్దూలో అడిగింది. కూర్చుంది. ఊపిరి బిగబట్టి, పూస ఎక్కించినంత తేలికగా పట్టకారు దించి, రెండు రాళ్లనూ చెక్కుచెదరకుండా తీసి గాజు పలక మీద పెట్టింది.

"మాషా అల్లాహ్!" అంది సఫియా మెచ్చుకోలుగా.

ఆ మాట రాజేశ్వరి చెవిలో ఉండిపోయింది.

ఆ రోజు నుంచీ సాయంత్రపు టీ బయటి గదికి మారింది. కాచేది రాజేశ్వరి, పళ్లెంలో పెట్టి తీసుకెళ్లేది రాజేశ్వరి. లోపల ఇద్దరి తలలూ దీపం కింద ఆనుకుని ఉండేవి. ఒకరోజు ఫోన్‌లో నార్వే వాళ్లు మాట్లాడుతుంటే, సఫియా మహబూబీని పక్కకు లాగి తెర మీద చూపించింది. ఎవరో తెల్లగడ్డం ఆయన చెయ్యి ఊపాడు. పదకొండేళ్లలో రాజేశ్వరిని ఆ తెర మీద ఎవరూ చూడలేదు. కనీసం ఆ ఉన్ని బనియన్లు మడత పెట్టేదెవరని కూడా ఎవరూ అడగలేదు.

ఆమెకు ఉక్రోషం పట్టుకుంది. మొదట్లో మాటల్లో బయటపడింది. "చేతులు సబ్బుతో కడుక్కో మే, నీసు వాసన కొడ్తాంది," అనేది అందరి ముందు. ముసలామె గుడ్డలు ఉతకడం ఇద్దరి మధ్య పంచుకున్న పనే అయినా, "నాకు నడుము పట్టేసింది," అని మొత్తం ఆమె మీదకు నెట్టేది. మహబూబీకి పులుపు పడదని తెలిసి పప్పులో చింతపండు ఎక్కువ పిండేది. రాత్రిళ్లు మహబూబీ పక్క మీద పడుకుని, "ఒక చేప ఆరేండ్లు బతికిందక్కా, నాలుగో ఏడు గీత ఎంత సన్నగా ఉండాదో! ఆ ఏడు దానికి కూడు దొరకలేదంట," అని చెప్పబోతే, "నాకు నిద్రొస్తాంది," అని గోడవైపు తిరిగేది. నిద్ర మాత్రం వచ్చేది కాదు. ఆ కబుర్లు తనవి. మేడమ్ తనకు చెప్పాల్సినవి. ఇప్పుడు ఇంకొకరి నోటి నుంచి ఎంగిలిగా వినాల్సి వస్తోంది.

ఒక గురువారం మధ్యాహ్నం భోజనాల దగ్గర సఫియా చెప్పింది: కేంద్రంలో సహాయకురాలి పోస్టు ఒకటి ఉందని, మహబూబీ పేరు ఇవ్వబోతున్నానని. మహబూబీ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. రాజేశ్వరి లేచి గిన్నెలు తీసింది.

ఆ మధ్యాహ్నమే అందరూ ఇబ్రా అనే ఊళ్లో సఫియా బంధువుల ఇంటి పెళ్లికి వెళ్లాలి. ముసలామెను కూడా చక్రాల కుర్చీతో సహా తీసుకెళ్తున్నారు. బయటి గదిలో చివరి చేప సర్దుతున్న మహబూబీని ముసలామె గట్టిగా కేకేయడంతో, ఆమె ఫ్రీజర్ తలుపు నెట్టేసి పరుగెత్తింది. కాసేపటికి గదికి తాళం వేయడానికి రాజేశ్వరి వెళ్లింది. ఫ్రీజర్ తలుపు పడలేదు. పాత రబ్బరు, గట్టిగా నొక్కితే గానీ అంటుకోదు. సందులోంచి తెల్లటి చల్లపొగ నేల మీదికి జారుతోంది.

ఆమె తలుపు మీద చెయ్యి వేసింది. ఒక్క తోపు చాలు. 'మాషా అల్లాహ్' అన్న మాట గుర్తొచ్చింది. భుజం మీద పడిన ఆ జాలి తట్టు గుర్తొచ్చింది. చెయ్యి తీసేసింది. గదికి తాళం వేసి, తాళంచెవి పైట కొంగున ముడేసుకుని కారెక్కింది.

ఇబ్రా దారి కొండల మధ్య నుంచి పోతుంది. రాళ్లన్నీ ఎండకు కాలి మసిబారినట్టు ఉంటాయి. ముందు సీట్లో సఫియా బండి నడుపుతోంది. ఎన్నోసార్లు నోరు తెరవాలనిపించింది రాజేశ్వరికి. ఇప్పుడు చెప్తే వెనక్కి తిరగొచ్చు. పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు, "మేడమ్," అంది కూడా.

"ఏంటి, రాజూ?"

"నీళ్లు కావాలా?"

పెళ్లింట్లో ఆడవాళ్ల పందిట్లో రాజేశ్వరి, మహబూబీ ఒకే పళ్లెం ముందు కూర్చున్నారు. మహబూబీ ఉత్సాహంగా ఉంది. చేతులు ముందుకు చాపి తనే చూసుకుని మురిసిపోతోంది.

"మేడమ్ ఏమన్నాదో తెల్సునా అక్కా? పెద్ద చదువులోళ్లక్కూడా ఇట్లాంటి చేతులు ఉండవంట. అత్తగారింట్లో ఈ చేతులతోనే అంట్లు తోమిస్తిరి నాతో. ఇంగ మల్లా తోమను."

రాజేశ్వరి మాంసం ముక్క విరిచింది. ఇంగ తోమను అంటే, తోమేది ఎవరు? తనేగా. అప్పటిదాకా నాలుక చివర ఉన్న మాట లోపలికి వెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రం తిరిగి వచ్చేసరికి గేటు దగ్గరే వాసన కొట్టింది. సఫియా కారు ఇంజిన్ ఆపకుండానే దిగి పరుగెత్తింది. రాజేశ్వరి కొంగు ముడి విప్పి తాళం తీసేసరికి గడప దాటి ఎర్రటి నీళ్లు బయటికి వచ్చాయి. ఫ్రీజర్ మోటారు రోజంతా తిరిగి తిరిగి కాలిపోయింది. సంచుల్లో చేపలు మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుపోయాయి.

మహబూబీ గోడకు ఆనుకుని ఏడ్చింది. "నేనే మేడమ్. తలుపు సరిగ్గా వేయలేదు. నేనే."

సఫియా అరవలేదు. ఆ తడి నేల మీదే చతికిలబడింది. తర్వాత ఎవరితోనూ కాకుండా తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. ఇవి పట్టిన చోట పోయిన ఏడాదే మంచు తొందరగా కరిగిపోయింది. మళ్లీ వెళ్తే ఆ చోట పెద్ద చేపలే దొరుకుతాయి, ఇవి దొరకవు. కాలేయంలో కొవ్వు కొలవాలి, కడుపులో ఏం తిన్నాయో చూడాలి. ఇక ఆ రెండూ పోయినట్టే.

తను సంతోషిస్తుందని అనుకుంది రాజేశ్వరి. కారులో వస్తూ ఈ ఘడియనే ఊహించుకుంది: మేడమ్ మహబూబీని కసురుకోవడం, తను మేడమ్‌కి మంచినీళ్లివ్వడం. ఇప్పుడు చూస్తే మేడమ్, తల్లిని పోగొట్టుకున్న పిల్లలా కూర్చుని ఉంది. అలా కూర్చోబెట్టింది తన చెయ్యి.

సఫియా కళ్లు తుడుచుకుని లేచింది. "రాళ్లు కుళ్లవు. మాంసం ముద్దయిపోయి ఏ తల ఏ సంచిదో తెలియకుండా పోయేలోపు అన్నీ తీసేయాలి. యల్లా, ఇద్దరూ రండి."

ముక్కులకు గుడ్డలు కట్టుకుని ముగ్గురూ కూర్చున్నారు. తలలు కోయడం రాజేశ్వరి పని. కత్తి పట్టడంలో ఆమెకు తిరుగులేదు. కోసిన తలను మహబూబీ వైపు జరిపేది. మహబూబీ కన్నీళ్లు మోచేత్తో తుడుచుకుంటూ రాళ్లు తీసేది. సఫియా వాటిని చిన్న సీసాల్లో వేసి పేర్లు రాసేది. మహబూబీ మధ్యమధ్య, "మాఫ్ చేయండి మేడమ్," అంటూనే ఉంది. అన్న ప్రతిసారీ రాజేశ్వరి కత్తి కిందకు ఇంకొంచెం గట్టిగా దిగింది.

ఇక ఆమె వల్ల కాలేదు. కత్తి పక్కన పెట్టింది.

"ఆ తలుపు తెరిచి ఉండేది నేను చూసినా, మేడమ్," అంది తనకొచ్చిన హిందీలో. "తాళం వేసేటప్పుడే చూసినా. మూయలేదు."

మహబూబీ పట్టకారు గాల్లోనే ఆగిపోయింది. సఫియా రాజేశ్వరి ముఖంలోకి చూసింది.

"మర్చిపోయావా?"

"లేదు. మర్చిపోలేదు."

సఫియా చేతిలోని సీసా మూత బిగించింది. "పని కానీ," అంది. తిట్టి ఉంటే బాగుండేదని రాజేశ్వరి తర్వాత చాలాసార్లు అనుకుంది.

తెల్లవారాక రాజేశ్వరి తన బట్టలు సంచిలో సర్దుకుని, తాళాలగుత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. సఫియా గుత్తిలోంచి బయటి గది తాళంచెవి ఒక్కటి తీసుకుని, మిగతావి ఆమె వైపు నెట్టింది.

"అమ్మకు తొమ్మిదింటికి మందు వేయాలి," అంది. "చేపలను ఇంట్లో పెట్టడం నా తప్పే. కానీ నువ్వు చేసింది నేను ఇప్పుడే మరిచిపోలేను. కొన్నాళ్లు నన్ను ఏమీ అడగకు."

ఆ కొన్నాళ్లూ రాజేశ్వరికి నరకమే. టీ పెట్టి ఇస్తే సఫియా తీసుకుని తన గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. మహబూబీ పక్క చాపను ముసలామె గదిలోకి మార్చుకుంది. వారం దాటాక ఒకరోజు మేడ మీద రాజేశ్వరి బట్టలు ఆరేస్తుంటే ఆమే వచ్చి ఎదురుగా నిలబడింది.

"నన్ను ఇంటికి పంపియాలని చూసినావా అక్కా?"

"ఔ. చూసినా."

"నేనేం చేసినా నిన్ను?"

"ఏం చేయలేదు మే. ఈ ఊళ్లో నాకుండేది మేడమ్ ఒక్కతే. నువ్వొచ్చి మూడు దినాల్లో తీసుకుంటివి. నేను పిలిపిస్తే వచ్చి తీసుకుంటివి."

మహబూబీ తొట్టిలోంచి తడి దుప్పటి తీసి తీగ మీదికి విసిరింది. "తీసుకుంటినా? ఇంటి తాళాలు యాడుండాయి? నీ కొంగుకు. మేడమ్ బిడ్డ కాలేజీ నుంచి ఎవరికి ఫోన్ చేస్తాది? నీకు. ముసలామె కూడా నా చేత్తో తిని, 'రాజు వండింది' అంటాది. నేనొచ్చినప్పట్నుంచి చూస్తాండా, ఈ ఇంట్లో ప్రతి గోడా నీదే. నాకేముండాది అక్కా? ఆ సన్నరాళ్లే కదా. అవి కూడా నీ కండ్లకు ఎక్కువైపోయెనా?"

ఈ పిల్ల తనను చూసి కుళ్లుకుందా? తన దగ్గర కుళ్లుకునేంత ఉందని ఇన్నేళ్లలో రాజేశ్వరికి ఎన్నడూ తోచలేదు. ఎండకు దుప్పటి ఆవిరి కక్కుతోంది. చివరికి దాని రెండో అంచు పట్టుకుని లాగి సరిచేసింది. "నువ్వు మంచి పనిదానివి మే," అంది కష్టంగా. "అది చూసి నాకు కడుపు మండింది. ఇప్పుడు కూడా మండుతాండాది. అబద్ధం ఎందుకు చెప్పేది."

మహబూబీ మెట్లు దిగిపోయింది.

చెవిరాళ్లు చాలామటుకు దక్కాయి. వాటి వలయాల ఆధారంగానే సఫియా తన పని కొనసాగించింది. కేంద్రం వాళ్లు మహబూబీని తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఆమె అక్కడి ఆడవాళ్ల వసతిగదికి మారిన రోజు రాజేశ్వరి గేటు దాకా వెళ్లింది. పెట్టె కారులో పెట్టింది. మహబూబీ ఎక్కి తలుపేసుకుంది. సఫియా మాత్రం ఓడ ప్రయాణం దగ్గర పడ్డాక ఒక సాయంత్రం వంటింట్లోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపు టీ తాగి, ఈసారి మంచు అంచు ఎంత ఉత్తరానికి జరిగిందో చెప్పడం మొదలుపెట్టింది. రాజేశ్వరి వెల్లుల్లి ఒలుస్తూ తలెత్తకుండా వింది. ఎత్తితే కళ్లలో నీళ్లు కనబడతాయని భయం.

మేడమ్ ఓడ మీద ఉండగా ఒక శుక్రవారం మహబూబీ చెప్పకుండా వచ్చింది. బుర్ఖా తీసి కుర్చీ మీద పడేసి, వంటగట్టు మీద చెయ్యి ఆనించుకుని నిలబడింది. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమైంది మే?" అంది రాజేశ్వరి, గరిటె ఆపకుండానే.

"ల్యాబులోకి కొత్తగా ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి వచ్చింది అక్కా. దానికి నాకంటే బిన్నా, చకచకా వస్తాది పని. అందురూ దాని బల్ల చుట్టే. నిన్న దానికి కొత్త మైక్రోస్కోప్ ఇచ్చిరి, నాకు పాతదే. రాత్రి నిద్ర పట్టలే. దాని చెయ్యి ఎప్పుడు వణుకుతాదా అని చూస్తాండా, ఛీ!"

రాజేశ్వరి గరిటె పక్కన పెట్టి ఆమె వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. మహబూబీ మొదట కోపంగా చూసి, తర్వాత తనూ పెదవి కొరుక్కుంటూ నవ్వేసింది.

"ముందు కూర్చో," అంది రాజేశ్వరి, పీట జరుపుతూ. "పులుపు తక్కువేసి పప్పు చేసినా. తిని, ఆ యమ్మి సంగతంతా మొదట్నించి చెప్పు."